చంపింది వేపా, కుంకుడా: చేప పిండాల పరీక్షలో ఒక కేసు

ఉభాలు (వరి నాట్లు) అయిపోయి నెల దాటింది. ఒక మధ్యాహ్నం మా ల్యాబ్‌కు తండ్రీకొడుకులు వచ్చారు. తండ్రికి అరవై దాటి ఉంటాయి. చేతిలో ఐదు లీటర్ల నూనె డబ్బా, దాని నిండా ముదురు గోధుమ రంగు కషాయం. మూత తీయగానే పులిసిన వాసన గదంతా కమ్మింది.

"మేస్టారూ, ఇందులో ఇసం లేదని ఒక కాయితం రాసిచ్చీండి, సాలు" అన్నారాయన.

ఆ కాగితం నేను రాయలేదు. రాయకపోవడానికి ఎనిమిది వారాల పని పట్టింది. ఆ ఎనిమిది వారాల్లో మేం రెండుసార్లు తప్పుడు నిర్ణయానికి దగ్గరగా వెళ్లాం. మొక్కల రసాల మీద పని చేసే విద్యార్థులకు, కషాయాలు కాచే రైతులకు ఉపయోగపడుతుందని ఈ కేసు రాస్తున్నాను. ఊరు, మండలం, మనుషుల ఆనవాళ్లు తీసేశాను.

నేపథ్యం

మాది శ్రీకాకుళం వైపు ఒక కాలేజీ జువాలజీ ల్యాబ్. ఒక మూల గదిలో గాజు తొట్టెల్లో జీబ్రాఫిష్ పెంచుతాం. నీలం చారల చిన్న చేప. చాలామంది దీన్ని విదేశీ అక్వేరియం చేప అనుకుంటారు కానీ ఇది మన ఉపఖండపు చేపే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా నది చేపల గురించి రాసినప్పుడు దీన్ని మొదటిసారి వర్ణించాడు. దీని పిండాల మీద, అంటే గుడ్డులో పెరుగుతున్న పిల్లల మీద, మొక్కల రసాలు ఎలా పని చేస్తాయో చూడటమే మా పని.

పెద్దాయన ప్రకృతి వ్యవసాయం చేస్తారు. వేప గింజల కషాయం కాచి తన పొలానికి కొట్టుకుంటారు, చుట్టుపక్కల పదిమందికి అమ్ముతారు కూడా. పాళ్లు అందరికీ తెలిసినవే: వంద లీటర్ల నీటికి ఐదు కిలోల వేప గింజల పప్పు. అది ఆకుకు పట్టి ఉండాలని కుంకుడు రసం కలుపుతారు. రెండు కిలోల కుంకుడు కాయలను ఇరవై లీటర్ల నీటిలో ఉడికించి, పిసికి, వడగట్టి, ఇరవై లీటర్ల మందుకు ఒక లీటరు చొప్పున పోస్తారు. సబ్బు నీళ్లు వాడకుండా కుంకుడు రసం వాడటం మంచి పద్ధతని ఆయన నమ్మకం. నాకూ అదే నమ్మకం ఉండేది.

ఆకుముడత కనిపించిందని ఒక ఎకరం వరికి రెండు వందల లీటర్లు కొట్టారు. అప్పటికే మబ్బు పట్టి ఉంది. రాత్రి వాన పడింది. తెల్లారేసరికి పల్లంలో ఉన్న పక్క రైతు గుంటలో బొచ్చె, శీలావతి పిల్లలు వెల్లకిలా తేలాయి. "నువ్వు కొట్టిన మందే" అని ఆయన. "ఆకులూ గింజలూ తప్ప ఏటీ నేదు" అని ఈయన. మాటా మాటా పెరిగి, ఊరి పెద్దలు చదువుకున్నవాళ్ల దగ్గర కాగితం తెమ్మన్నారు.

మొదటి నిర్ణయం: ఏ ప్రశ్నకు జవాబు వెతకాలి

ఆ చేపలు ఎందుకు చచ్చాయో చెప్పడం మా వల్ల కాదని మొదటి రోజే చెప్పేశాను. చచ్చిన చేపలను పూడ్చేశారు. ఆ రోజు గుంట నీరు ఎవరూ పట్టి ఉంచలేదు. పైగా మబ్బు పట్టిన రోజు తర్వాత తెల్లవారుజామున చేపలు తేలడం మన చెరువుల్లో, బందల్లో మామూలే. ఎండ లేక నీటిలోని నాచు ఆక్సిజన్ సరిగ్గా తయారు చేయదు, రాత్రంతా అన్నీ కలిసి ఉన్నదాన్ని పీల్చేస్తాయి, సూర్యుడు రాకముందు నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. ఆ గుంటలో జరిగింది అదే అయి ఉండొచ్చు.

మేం చెప్పగలిగింది వేరు. ఈ కషాయంలో చేపను చంపే గుణం ఉందా, ఉంటే ఏ భాగంలో ఉంది, ఎంత పలచనైతే పోతుంది. ఈ తేడా పెద్దాయనకు అర్థం కావడానికి రెండు టీలు తాగేంత సేపు పట్టింది. ఆయన ముఖం కొంచెం వాడిపోయింది కానీ, "సరే, సూడండి" అన్నారు.

పిండాల మీదే ఎందుకంటే, 2013లో ఓఈసీడీ (రసాయనాల పరీక్షలకు పద్ధతులు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ) 236వ నంబరు మార్గదర్శకంగా ఈ పరీక్షను ఆమోదించింది. అప్పుడే ఫలదీకరణమైన జీబ్రాఫిష్ గుడ్లను ఇరవై నాలుగు చిన్న గుంటలున్న ల్యాబ్ ప్లేటులో గుంటకొకటి చొప్పున పెట్టి, 96 గంటలు మందు నీటిలో ఉంచుతారు. ఒక్కో మోతాదుకు ఇరవై పిండాలు, అదే ప్లేటులో మిగిలిన నాలుగు గుంటల్లో మామూలు నీరు. చనిపోయినట్టు లెక్కించడానికి నాలుగే గుర్తులు: గుడ్డు తెల్లగా గడ్డకట్టడం, వెన్ను పొడవునా కండర ఖండాలు ఏర్పడకపోవడం, తోక పచ్చసొన నుంచి విడిపోకపోవడం, గుండె కొట్టుకోకపోవడం. గుంటకు రెండు మిల్లీలీటర్ల నీరు చాలు. పిండం గాజులా ఉంటుంది కాబట్టి లోపల ఏం జరుగుతోందో కోయకుండానే మైక్రోస్కోపులో కనిపిస్తుంది. పెద్ద చేపలను నీటిలో వేసి ఎన్ని చచ్చాయో లెక్కపెట్టడం కంటే ఇది నాకు మనసొప్పే పని.

ఇక శాంపిల్ మాట. మా సహోద్యోగి ఒకరు మెథనాల్‌తో సారం తీసి, అజాడిరాక్టిన్ (వేపలో పురుగుల మీద పని చేసే పదార్థం) కొలిచి, దాన్ని పరీక్షించమన్నారు. పేపరు రాసుకోవడానికి అది బాగుంటుంది. కానీ మెథనాల్‌లో దిగేవి వేరు, రైతు డ్రమ్ములో నీటిలోకి దిగేవి వేరు. పక్క రైతు చేపల గుంటలోకి మెథనాల్ సారం వెళ్లలేదు కదా. సాల్వెంట్‌తో, అంటే సారాన్ని కరిగించే మెథనాల్, డీఎంఎస్‌ఓ లాంటి ద్రవంతో, ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పరీక్షలో సాల్వెంట్ లీటరుకు 0.1 మిల్లీలీటరు దాటకూడదు. ఒక శాతం డీఎంఎస్‌ఓలో కరిగించి "మొక్కలో విషం ఉంది" అని తేల్చిన థీసిస్‌లు నేను చాలానే చూశాను. అక్కడ పిండం బాధపడింది మొక్క వల్లనో సాల్వెంట్ వల్లనో చెప్పలేం. అందుకని నీటి కషాయాన్నే పరీక్షించాలని నిర్ణయించాం. ఆయన కొట్టిన బలాన్ని వంద శాతంగా పెట్టుకుని, దాన్ని పలచన చేస్తూ పోవాలి.

మొదటి రౌండు, పారేసిన రౌండు

ముందురోజు సాయంత్రం ఆడ, మగ చేపలను ఒకే పెట్టెలో అడ్డుపలకకు చెరోవైపు ఉంచుతాం. పొద్దున లైటు వేసి పలక తీస్తే అరగంటలో గుడ్లు పెడతాయి. పెట్టె అడుగున జల్లెడ ఉండాలి, లేకపోతే వాటి గుడ్లు అవే తినేస్తాయి. ఆవగింజంత గుడ్లను పెట్రీ డిష్‌లోకి తీసి, నాలుగు, ఎనిమిది, పదహారు కణాల దశలో ఉన్న మంచివాటిని ఏరుకుని, ఆలస్యం లేకుండా మందు నీటిలోకి మార్చాలి.

మాకు ఆ రోజు హడావిడి ఎక్కువైంది. చేపలు కొత్తగా షాపు నుంచి తెచ్చినవి, గుడ్లలో చాలా వరకు ఫలదీకరణం కాలేదు. నూటికి డెబ్బై గుడ్లయినా ఫలదీకరణమైతేనే ఆ బ్యాచ్ వాడాలన్నది నియమం. పిల్లలు లెక్కపెట్టలేదు, నేను అడగలేదు. పది శాతం, ఒక శాతం కషాయంలో పిండాలన్నీ మర్నాటికి పాలచుక్కల్లా తెల్లబడ్డాయి. 0.1 శాతంలో కొన్ని మిగిలాయి. చూడగానే ఫలితం వచ్చేసినట్టే అనిపించింది. కానీ మామూలు నీటి కంట్రోల్‌లో, అంటే పోల్చి చూడటానికి మందు కలపని నీటిలో పెట్టిన పిండాల్లో, ఇరవైకి ఐదు పోయాయి. కంట్రోల్‌లో తొంభై శాతం బతకాలి. మావి డెబ్బై ఐదు శాతమే బతికాయి.

"సార్, కషాయంలో అన్నీ చచ్చాయి కదా, కంట్రోల్‌లో ఐదు పోతే ఏమవుతుంది?" అని మా ఎమ్మెస్సీ విద్యార్థిని అడిగింది. న్యాయమైన ప్రశ్న. మంచి నీటిలోనే నాలుగో వంతు చనిపోయే గుడ్లు అప్పటికే బలహీనంగా ఉన్నాయన్న మాట. అలాంటి గుడ్డును ఏ నీటిలో పెట్టినా ఆ నీరే విషంలా కనిపిస్తుంది. ఆ డేటా అంతా కొట్టేశాం. చేపలను మూడు వారాలు మంచి మేతతో, పద్నాలుగు గంటల వెలుతురు, పది గంటల చీకటిలో ఉంచి మళ్లీ మొదలుపెట్టాం.

రెండో రౌండు: చావు నిజమే, కారణం కాదు

ఈసారి కంట్రోల్ ఇరవైకి ఇరవై బతికింది. 3,4-డైక్లోరోఅనిలిన్ అనే తెలిసిన విషాన్ని లీటరుకు 4 మిల్లీగ్రాముల చొప్పున పెట్టిన పాజిటివ్ కంట్రోల్‌లో ఇరవైకి తొమ్మిది చచ్చాయి. కనీసం ముప్పై శాతం చావాలి కాబట్టి మా పిండాలు విషానికి సరిగ్గానే స్పందిస్తున్నట్టు లెక్క. ఒక శాతం కషాయంలో మాత్రం మళ్లీ మొదటి రోజే అన్నీ పోయాయి.

అప్పటికి నేను సగం రిపోర్టు మనసులో రాసేసుకున్నాను. ఆపింది వాసన. ప్లేటు మూత తీస్తే అదే పులిసిన వాసన. ఆ కషాయం పది రోజులు డ్రమ్ములో ఉండి వచ్చింది. అది ఇంకా ఊరుతూనే ఉంది.

అదే ఒక శాతం నీటిని బీకరులో పోసి, మూత పెట్టి, 26 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచాం. మర్నాడు పీహెచ్ (7 కంటే ఎంత తగ్గితే నీరు అంత పులుపు) 4.6. ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తక్కువ. ఆ వేడి దగ్గర మంచి నీటిలో ఎనిమిది దాకా ఉండాలి. అంటే మా పిండాలు ఊపిరాడక, పుల్లటి నీటిలో చచ్చాయి. వేపలోనో కుంకుడులోనో విషం ఉందో లేదో మాకు ఇంకా ఏమీ తెలియదు. మజ్జిగ పోసినా, చెరుకు రసం పోసినా అంతే జరిగి ఉండేది.

మొక్కల కషాయాల పరీక్షలో ఎక్కువగా తప్పేది ఇక్కడే అని నా అనుభవం. ఫ్యాక్టరీ రసాయనం శుద్ధమైనది, అది నీటిలో బూజు పెంచదు. కషాయంలో చక్కెర, మాంసకృత్తులు, టానిన్లు, వాటిని తినే సూక్ష్మజీవులు అన్నీ ఉంటాయి. మోతాదు పెంచుతున్నామని మనం అనుకుంటాం, దాంతో పాటు ఆకలిగా ఉన్న బ్యాక్టీరియానూ పెంచుతున్నాం. అందుకే ఇప్పుడు మా ల్యాబ్‌లో ఏ ఆకు రసం వచ్చినా పిండాలు పెట్టకముందే బీకరులో ఒక రోజు ఉంచి పీహెచ్, ఆక్సిజన్ చూస్తాం.

అయితే ఆ మాట పెద్దాయనకు ఊరటగా చెప్పకూడదు కూడా. ఊరిన కషాయం డ్రమ్ము మొత్తం చిన్న గుంటలో పడితే, విషం లేకపోయినా ఆక్సిజన్ తోడేసి చేపను చంపగలదు. దాన్ని నోటుబుక్కులో విడిగా రాసి పెట్టుకున్నాను.

మూడో రౌండు: విడదీసి చూడటం

ఇక్కడ రెండు దారులు కనిపించాయి. ఆయన కషాయాన్నే శుభ్రం చేసి వాడటం ఒకటి, ఆయన కొలతలతో మేమే తాజాగా చేసుకోవడం రెండోది. రెండోదే ఎంచుకున్నాం, ఎందుకంటే భాగాలను విడదీయాలి. వేప గింజలు, కుంకుడు కాయలు ఆయన ఇంటివే తెప్పించాం. వేప కషాయం ఒక్కటే ఒక వరుస, కుంకుడు రసం ఒక్కటే ఒక వరుస, రెండూ కలిపింది ఒక వరుస. 2, 1, 0.5, 0.25, 0.125 శాతం మోతాదులు. అన్నిటినీ వడగట్టి, పీహెచ్ 7 దగ్గరకు తెచ్చి, రోజూ నీరు మార్చాలని పెట్టుకున్నాం. పీహెచ్ ఒక్కటే 4.6కు దించిన మామూలు నీటిని ఇంకో కంట్రోల్‌గా ఉంచాం. దానిలో పిండాలు చాలా వరకు బతికాయి కానీ ఆలస్యంగా పొదిగాయి.

వడపోత దగ్గర ఒక టెన్షన్. సన్నని ఫిల్టరులో పోస్తే బ్యాక్టీరియాతో పాటు అసలు పదార్థమూ ఆగిపోతుందేమో. కుంకుడులో ఉండేవి సపోనిన్లు, వాటి పని నురుగు. అందుకని వడగట్టక ముందు, తర్వాత రెండు పరీక్ష నాళికల్లో సమంగా పోసి, పదిహేను సెకన్లు గిలకొట్టి, నురుగు ఎత్తు స్కేలుతో కొలిచాం. ముందు 2.1 సెంటీమీటర్లు, తర్వాత 1.9. పెద్దగా పోలేదు. ఖరీదైన పరికరం లేని చోట ఇంట్లో తలంటుకునే జ్ఞానమే పనికొచ్చింది.

అందరి అనుమానం వేప మీదే. నాదీ అంతే. పురుగును చంపేది వేప, కుంకుడు ఉత్త జిగురు.

24 గంటలకు అన్ని వరుసలూ బాగున్నాయి. తోకలు విడిపోయాయి, గుండెలు మొదలయ్యాయి. 48 గంటలకు వేప 2 శాతంలో కొన్ని పిండాల గుండె చుట్టూ నీరు చేరింది. కుంకుడు వరుసలో 2 శాతంలో మూడు, 1 శాతంలో ఒకటి పోయాయి, మిగతావన్నీ గుడ్డు పొరలో గిరగిరా తిరుగుతున్నాయి. విద్యార్థిని నోటుబుక్కులో కుంకుడు వరుస పక్కన "సేఫ్" అని రాసింది. నేనూ దాన్ని కొట్టేయలేదు. చాలా ల్యాబ్‌లలో 48 గంటలకే ప్లేటు పారేస్తారు. జర్మనీలో ఫ్యాక్టరీ మురుగునీటికి వాడే చేప గుడ్డు పరీక్ష కూడా 48 గంటలదే. మర్నాడు ఆదివారం. ప్లేటు ఆపేద్దామా అని ఆమె అడిగింది. కంట్రోల్‌లో పొదగడం ఎంత శాతమో చూడాలి కాబట్టి ఆపలేదు, అంతకంటే గొప్ప ఆలోచనేమీ లేదు.

ఆదివారం పొద్దున్న 72 గంటలకు నేనొక్కడినే వెళ్లాను. కంట్రోల్ పిల్లలు పొర చీల్చుకుని వచ్చి గుంట అడుగున నిటారుగా ఉన్నాయి. పైపెట్ కొన తగిలిస్తే చటుక్కున పారిపోతున్నాయి. కుంకుడు 1 శాతం ప్లేటు కింద పెట్టాను. మూడో గుంటలో పిల్ల అప్పుడే పొదిగినట్టుంది, ఖాళీ పొర పక్కనే ముడతపడి ఉంది. పిల్ల పక్కకు ఒరిగి పడి ఉంది. తోక చుట్టూ ఉండే పలచటి రెక్క అంచు గాజులా ఉండాల్సింది, పొగచూరినట్టు మసకబారింది. అంచు వెంబడి చర్మం కణాలు పొట్టులా లేస్తున్నాయి. కొన తగిలిస్తే కదల్లేదు. గుండె కొట్టుకుంటోంది. గడియారం పెట్టి లెక్కపెట్టాను. కంట్రోల్‌లో నిమిషానికి నూట నలభై పైన ఉన్న గుండె ఇందులో అరవై రెండు. పక్క గుంటలో ఇంకా పొదగని పిండం మాత్రం పొరలో హాయిగా తిరుగుతోంది. అదే నీరు, అదే మోతాదు, ఒక్క పొర తేడా. ఆ రెండు గుంటలనూ మార్చి మార్చి చాలాసేపు చూశాను.

96 గంటలకు లెక్క ఇదీ. కుంకుడు వరుసలో తక్కువ మోతాదు నుంచి ఎక్కువకు ఇరవైకి 1, 2, 8, 17, 20 చచ్చాయి. సగం చంపే మోతాదు సుమారు 0.6 శాతం. వేపలో 2 శాతం దగ్గర ఆరు, 1 శాతం దగ్గర ఒకటి, అంతకంటే తక్కువలో ఏమీ లేవు. రెండూ కలిపిన వరుసలో 0.5 శాతం దగ్గర తొమ్మిది, అంటే దాదాపు కుంకుడు ఒక్కటే ఉన్నంత. మిశ్రమంలో చంపుతున్నది ప్రధానంగా జిగురు అనుకున్న కుంకుడే.

పొర సంగతి తేల్చుకోవడం

అంచనాను అంచనాగా వదిలేయడం ఇష్టం లేక ఇంకో రౌండు చేశాం. 24 గంటల పిండాలను సన్నని పట్టకార్లతో పొర ఒలిచి, 0.5 శాతం కుంకుడు నీటిలో పెట్టాం. కుడిచేతి పట్టకారుతో పొరను పట్టుకుని, ఎడమచేతి దానితో చీల్చి, తలకిందులు చేస్తే పిండం జారి బయటపడుతుంది. పచ్చసొనకు మొన తగిలితే అంతే సంగతులు. ముప్పై పిండాలు పాడు చేసుకున్నాక విద్యార్థినికి చేయి కుదిరింది. ఒలిచిన పిండాలను మంచి నీటిలో పెడితే ఇరవైకి పంతొమ్మిది బతికాయి, అంటే ఒలవడం వల్ల హాని లేదు. కుంకుడు నీటిలో 72 గంటలకే పదిహేడు పోయాయి. పొరతో ఉన్నప్పుడు 96 గంటలకు పోయినవి ఎనిమిదే.

సపోనిన్లు కణాల పైపొరలోని కొలెస్ట్రాల్‌ను పట్టుకుని చిల్లులు చేస్తాయి. ఎర్ర రక్తకణాలు పగిలిపోవడానికీ ఇదే కారణం. గుడ్డు పొర ఆ దెబ్బను కొంతకాలం కాచింది. మొక్కల పదార్థాలతో పని చేసేవాళ్లు 48 గంటలకు ఆపితే పొరను పరీక్షించినట్టే, చేపను కాదు.

ఇంకో విషయం మాకు రిపోర్టు రాసేటప్పుడు గుర్తొచ్చింది. సపోనిన్ పెద్ద చేపను ముందుగా దెబ్బతీసేది మొప్పల మీద. నాలుగు రోజుల జీబ్రాఫిష్ పిల్ల మొప్పలతో ఊపిరి తీసుకోదు, చర్మం గుండానే ఆక్సిజన్ తీసుకుంటుంది. అంటే గుంటలో ఉండే వేలెడు శీలావతి పిల్లకు మా 0.6 శాతం కంటే తక్కువే చాలవచ్చు. అందుకని "ఇంతకంటే పలచనైతే క్షేమం" అని ఒక అంకె ఇవ్వడానికి నేను ఒప్పుకోలేదు. ఈ పరీక్ష హాని ఉందని గట్టిగా చెప్పగలదు. లేదని చెప్పాలంటే, ముఖ్యంగా మొప్పల మీద పని చేసే పదార్థం విషయంలో, దీని మాట ఒక్కటే చాలదు. పెద్ద చేపల మీద పరీక్షకు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఈ ప్రశ్న కోసం అన్ని చేపలను చంపడం అవసరమని నాకు అనిపించలేదు.

మళ్లీ పెద్దాయన దగ్గరకు

ఫలితం చేతిలో పెట్టుకుని లెక్క వేస్తే పొసగలేదు. పక్క రైతు గుంట రెండు సెంట్లు, లోతు రెండడుగులు, అంటే సుమారు నలభై తొమ్మిది వేల లీటర్ల నీరు. ఎకరానికి కొట్టిన రెండు వందల లీటర్లలో పదో వంతు వానకు కొట్టుకొచ్చినా 0.04 శాతం. సగం చంపే మోతాదులో పదిహేనో వంతు. ఇది చేపలను తేల్చేంత కాదు. మరి ఈ కషాయాన్ని అనుమానించడం ఎందుకు?

నేను ఊరికి వెళ్లి గట్టు మీద నిలబడి, ఆ రోజు ఏం జరిగిందో మొత్తం మొదటి నుంచీ చెప్పమని పెద్దాయనను అడిగాను. మందు ఎప్పుడు కలిపారు, ఎక్కడ కలిపారు, డ్రమ్ము ఎక్కడ కడిగారు. ల్యాబ్‌లో ఈ ప్రశ్నలు నేను అడగలేదు. ఆయన బోదె (పొలం పక్క చిన్న నీటి కాలువ) చూపించారు. "కుంకుడు రసం అడుగున పది లీటర్లు మిగిలిపోనాది మేస్టారూ. పులిసిపోతాదని ఇక్కడే పారబోసీసి డ్రమ్ము కడిగీసినాం." ఆ బోదె నేరుగా పక్క రైతు గుంటలోకి వెళ్తుంది. రాత్రి వాన దాన్ని తోసుకెళ్లి ఉంటుంది.

పది లీటర్ల చిక్కటి రసం అంటే రెండు వందల లీటర్ల మందుకు సరిపోయేంత. గుంట నీటిలో పూర్తిగా కలిస్తే 0.4 శాతం, నీరు దిగే మూల దగ్గర ఇంకా ఎక్కువ. లెక్క ఒక్కసారిగా మా ప్లేటులో పిల్లలు చచ్చిన అంకెల పక్కకు వచ్చి నిలబడింది. చేపలు దానివల్లే చచ్చాయని నేను అప్పుడూ రాయలేదు, మబ్బు రోజు సంగతి అలాగే ఉంది. కానీ అలా జరగడానికి వీలుందని రాశాను.

కుంకుడులో చేపను చంపే గుణం ఉందంటే ఆయన మొదట నమ్మలేదు. "తల రుద్దుకునేదే గదా మేస్టారూ?" అన్నారు. అప్పుడు నేను ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిండి) సంగతి ఎత్తాను. చేప పిల్లలు వదలబోయే ముందు చెరువులోని జల్లలు, కొర్రమీనులు లాంటి వేటచేపలను తీసేయడానికి హెక్టారుకు మీటరు లోతున రెండున్నర టన్నుల దాకా ఇప్ప చెక్క చల్లడం చేపల రైతులకు తెలిసిన పనే. రెండు మూడు వారాలకు ఆ విషం పోయి, చెక్క ఎరువవుతుంది. దానిలో చంపేవీ సపోనిన్లే. మన తీరంలో రొయ్యల రైతులు టీ గింజల చెక్క వాడి చెరువులో చేపలను మాత్రమే చంపి రొయ్యలను కాపాడుకునేదీ సపోనిన్ గుణంతోనే.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇప్ప సెక్కేస్తే సేపలు తేల్తాయని మా నాన్న కాలం నుంచీ తెలుసు. రెండూ ఒకటేనని తెల్దు" అన్నారు.

ఏం మారింది

కాగితం మీద నేను మూడు విషయాలు రాసి సంతకం పెట్టాను. వేప కషాయం మేం పరీక్షించిన మోతాదుల్లో పిండాలకు తక్కువ హాని చేసింది. కుంకుడు రసం ఎక్కువ హాని చేసింది. మిగిలిన రసం, డ్రమ్ము కడిగిన నీరు చేపలున్న నీటిలో కలవకూడదు. ఊరి పెద్దలు దాన్ని ఎలా వాడుకున్నారో నాకు సంబంధం లేదు. ఇద్దరు రైతులూ మాట్లాడుకుంటున్నారని మాత్రం విన్నాను.

ఆయన డబ్బాల మీద "చేపలకు హాని లేదు" అని వేయించుకుందామనుకున్నారు. దాని బదులు "చేపల చెరువు, గుంట దగ్గర కొట్టవద్దు. మిగిలింది బోదెలో పారబోయవద్దు" అని వేయించారు. అమ్మకం తగ్గుతుందేమోనని కొడుకు భయపడ్డాడు. ఆయన వినలేదు. పొలం ఎత్తు మూల ఒక ఇంకుడు గొయ్యి తవ్వి డ్రమ్ము అక్కడే కడుగుతున్నారు. కుంకుడు సగానికి తగ్గించినా ఆకుకు పడుతుందేమో చూడమన్నాను, పడుతోందన్నారు.

మా వైపు కూడా కొన్ని మారాయి. శాంపిల్‌తో వచ్చిన మనిషిని ఇప్పుడు ముందు కూర్చోబెట్టి, మందు కలపడం దగ్గర నుంచి డ్రమ్ము కడగడం దాకా చెప్పించుకుంటాం. ఈ కేసులో ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే వేప మీద పెట్టుకున్న అనుమానం అంత దూరం వచ్చేది కాదు. చేపలు తేలిన రోజునే ఒక లీటరు నీరు శుభ్రమైన సీసాలో పట్టి ఫ్రిజ్‌లో పెట్టమని, వీలైతే తెల్లవారుజామున ఆక్సిజన్ కొలిపించమని రైతులకు చెబుతున్నాం. విద్యార్థులు 96 గంటల లోపు ప్లేటు పారేయడానికి వీల్లేదు, "సేఫ్" అన్న మాట నోటుబుక్కులో రాయడానికి అసలే వీల్లేదు. ఎన్ని చచ్చాయో, ఎన్ని బతికాయో, బతికినవి ఎలా ఉన్నాయో రాస్తారు.

ఈ ఏడాది ఉభాలకు ముందు పెద్దాయన కొడుకు మళ్లీ వచ్చాడు. చేతిలో రెండు సీసాలు, ఒకటి వేప, ఒకటి కుంకుడు, విడివిడిగా. ఒక్కోదాని మీద తెల్ల కాగితం అంటించి బాల్ పెన్నుతో రాసి ఉంది: "కుంకుళ్లు 1 కేజీ, నీళ్లు 20 లీటర్లు, కాచింది మంగళవారం, తెచ్చింది బుధవారం."